శంకుస్థాపన రాయి, మంచం మీది రోగి: లై, లే క్రియల చిక్కు

ఏ ఊళ్లోనైనా కమ్యూనిటీ హాలు ముందో, నీళ్ల ట్యాంకు పక్కనో ఒక నల్లరాతి శిలాఫలకం ఉంటుంది. తెలుగులో ఉంటే ‘శంకుస్థాపన చేసినవారు’ అని, ఇంగ్లిష్‌లో ఉంటే ‘ఫౌండేషన్ స్టోన్ లెయిడ్ బై’ అని చెక్కి, కింద మంత్రిగారి పేరు, ఆ కింద వరసగా మిగతా పెద్దల పేర్లు. ఆ ‘లెయిడ్’ దాదాపు ఎక్కడా తప్పు పోదు. పాత నమూనా చూసి చెక్కేదే కదా. అదే ‘లెయిడ్’ను మనిషి నోటితో పలకాల్సి వచ్చినా, చేత్తో రాయాల్సి వచ్చినా మాత్రం గొడవ మొదలవుతుంది. ‘నిన్న ఒంట్లో బాగోక పడుకున్నాను’ అని చెప్పడానికి ‘ఐ లెయిడ్ డౌన్’ అంటాం. స్కానింగు గదిలో బల్ల చూపించి ‘లే డౌన్’ అంటారు. రెండూ తప్పే. మొదటిది ‘ఐ లే డౌన్’ అవ్వాలి, రెండోది ‘లై డౌన్’ అవ్వాలి. (‘లే’ అంటే తెలుగు చెవికి లేవమని వినిపించడం అదనపు తమాషా. పడుకోబెట్టడానికి వాళ్ల మాట, లేపడానికి మన మాట, రెండూ ఒకటే శబ్దం.)

ఈ తప్పు మన ఒక్కరిదే అయితే ఇంగ్లిష్ మీడియం చదువుల మీదకో, ట్యూషన్ మాస్టారి మీదకో నెట్టేయొచ్చు. కానీ ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష ఎరగనివాళ్లు లండన్‌లోనూ టెక్సస్‌లోనూ రోజూ ఇదే తప్పు చేస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు జిమ్‌లో కోచ్ నోట ‘లే ఆన్ యువర్ బ్యాక్’ అన్న మాట వినే ఉంటారు. ఈ ఒక్క విషయంలో తెలుగు మాట్లాడేవాళ్లకు వాళ్లకంటే ఎక్కువ సౌకర్యం ఉందని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు రూపాలు చూద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. పడుకోవడం, పడి ఉండటం అనే అర్థంలో వర్తమానం లై, భూతకాలం లే, మూడో రూపం లెయిన్, ‘ఇంగ్’ చేరిస్తే లైయింగ్. దేన్నైనా పెట్టడం, పరచడం, పడుకోబెట్టడం అనే అర్థంలో వర్తమానం లే, భూతకాలం లెయిడ్, మూడో రూపమూ లెయిడ్, ‘ఇంగ్’ చేరిస్తే లేయింగ్. ఒకదాని భూతకాలం ఇంకోదాని వర్తమానం అయి కూర్చుంది. ఇవి చాలవన్నట్టు అబద్ధమాడటం అనే ఇంకో లై కూడా ఉంది. దాని భూతకాలం లైడ్. అది పుట్టుకలోనే వేరే మాట, దీనికి చుట్టం కాదు. కాకపోతే ‘ఇంగ్’ చేరేసరికి రెండు లైలూ ఒకే లైయింగ్ అయిపోతాయి. ‘హి ఈజ్ లైయింగ్’ అంటే పడుకున్నాడా, బుకాయిస్తున్నాడా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాల్సిందే.

అర్థం సంగతికొస్తే మనకు కొత్తేమీ లేదు. లేచాడు, లేపాడు. దిగాడు, దింపాడు. ఆగింది, ఆపింది. మారింది, మార్చింది. కాలింది, కాల్చింది. వంగింది, వంచింది. పని తనంతట తాను జరిగితే ఒక క్రియ, ఇంకొకరు జరిపిస్తే దాని నుంచే పుట్టిన మరో క్రియ. ఈ తేడా తెలుగుకు ఊపిరి లాంటిది. మాటలు నేర్చుకుంటున్న పిల్ల కూడా ‘నేను లేచాను’ అనడానికి ‘నేను లేపాను’ అనదు. ‘నాన్న పడుకున్నాడు’, ‘నాన్న తమ్ముణ్ని పడుకోబెట్టాడు’ అనే రెండు వాక్యాలను కలిపేసే తెలుగువాడు ఎక్కడా దొరకడు. మొదటిది లై. రెండోది లే. వ్యాకరణం పుస్తకాలు అకర్మకం, సకర్మకం అంటూ చెప్పేది దీన్నే.

ఇంగ్లిష్‌లోనూ ఒకప్పుడు ఇలాంటి ఏర్పాటే ఉండేది. ఇంగ్లిష్, జర్మన్ లాంటి భాషలు విడివిడి భాషలు కాకముందు, ఆ మూలభాషలో ప్రేరణ క్రియలు, అంటే ‘తాగించు’లా చేయించే పనిని చెప్పే క్రియలు కట్టడానికి ‘యన్’ లాంటి ప్రత్యయం ఒకటి వాడేవారు. చాలాచోట్ల క్రియ భూతకాలంలో వచ్చే అచ్చును తీసుకుని, చివర ఈ ప్రత్యయం తగిలించేవారు. కూర్చోవడానికి సిట్, దాని భూతకాలం శాట్. దానికి ‘యన్’ చేరితే కూర్చోబెట్టడం. ఆ తర్వాత ప్రత్యయంలోని యకారం తన ముందున్న అచ్చును తనవైపు లాగేసింది. ‘మనిషి’కి ‘లు’ చేరగానే ‘మనుషులు’ అయినట్టే ఇదీను. వెనక వచ్చే శబ్దం ముందున్న అచ్చును మార్చేయడం మన చెవులకు అలవాటైన సంగతే. అలా అకారం ఎకారమై ‘సెట్’ పుట్టింది. అలాగే లై నుంచి లే పుట్టింది. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో ఈ రెంటినీ లిజ్జన్, లెజ్జన్ అని పలికేవారు. వినగానే తేడా తెలిసేది. శతాబ్దాల వాడుకలో తోకలు అరిగిపోయి, లెజ్జన్ కాస్తా లే అయింది. అటు లిజ్జన్ భూతకాలం కూడా అరిగి అరిగి అదే లే దగ్గర తేలింది.

తెలుగులో ఈ యంత్రాంగం ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. నిన్న మొన్న వచ్చిన మాటకైనా ‘ఇంచు’ తగిలించి ప్రేరణ చేసేస్తాం. డౌన్‌లోడ్ చేస్తాం, చేయిస్తాం. ఇంగ్లిష్‌లో ఆ మర ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు వాళ్లు ఎవరిచేతైనా ఏదైనా చేయించాలంటే ‘మేక్’ అనో ‘గెట్’ అనో ‘హ్యావ్’ అనో ముందు పెట్టుకోవాల్సిందే. పాత మర తయారుచేసిన జంటల్లో మిగిలినవి ఏవో కొన్ని. అవి జంటలని ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లకే తెలియదు. అందుకే వాళ్లు లై, లేలను రెండు వేర్వేరు పనుల్లా కాక ఒకే మాటకు రెండు ఉచ్చారణల్లా చూస్తారు.

మిగిలినవాటిలో డ్రింక్, డ్రెంచ్ జంట నాకు మహా ఇష్టం. డ్రెంచ్ అంటే ఇవాళ వానకు తడిసి ముద్దవడం అనుకుంటాం. అసలు అర్థం తాగించడం. ఆ అర్థం చావలేదు, పశువైద్యుల దగ్గర భద్రంగా ఉంది. గొర్రెలకు నట్టల మందు పట్టించేటప్పుడు చూడండి. ఒకరు గొర్రె దవడ ఎత్తి పట్టుకుంటారు, ఇంకొకరు పిచికారీ లాంటి గన్ను నోటి పక్కనుంచి లోపలికి పోనిచ్చి మందు వదులుతారు. పశుసంవర్ధక శాఖవాళ్లు ఆ పనిని డ్రెంచింగ్ అంటారు, ఆ గన్నును డ్రెంచింగ్ గన్ అంటారు. గొర్రె తాగితే డ్రింక్, కాపరి తాగిస్తే డ్రెంచ్. తాగు, తాగించు. సరిగ్గా మన లెక్కే.

మరో జంట ఫాల్, ఫెల్. పడటం, పడగొట్టడం. చెట్టు గాలికి కూలితే ఫాల్, గొడ్డలితో కూలిస్తే ఫెల్. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాల్టా చట్టం కింద చెట్టు కొట్టడానికి తీసుకునే అనుమతిని ‘ట్రీ ఫెల్లింగ్’ అనుమతి అనే అంటారు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. ఫాల్ భూతకాలం కూడా ఫెల్లే. అంటే లై, లే మధ్య ఉన్న చిక్కే ఇక్కడా ఉంది: తనంతట తాను పడినదాని భూతకాలమూ, పడగొట్టేదాని వర్తమానమూ ఒకటే. అయినా వీటి విషయంలో తికమకపడేవాళ్లు కనిపించరు. కారణం ఊహించడం కష్టం కాదు. పడగొట్టే ఫెల్ అడవి శాఖ కాగితాల్లో తప్ప బయట పెద్దగా తిరగదు. పడుకోవడం, పెట్టడం అలా కాదు. అవి పొద్దున లేచింది మొదలు అందరి నోళ్లలోనూ నలిగేవే. ఇక రైజ్, రెయిజ్ జంట. దాన్ని ఎక్కువ చర్చించక్కర్లేదు. వాటి భూతకాలాలు రోజ్, రెయిజ్డ్. ఎక్కడా ఒకదానికొకటి తగలవు కాబట్టి గొడవ లేదు.

చెవి కూడా మోసం చేస్తుంది. ‘హి లే డౌన్’ అనండి. తర్వాత ‘హి లెయిడ్ డౌన్’ అనండి. వేగంగా పలికితే ‘లెయిడ్’ చివరి డకారం ‘డౌన్’ మొదటి డకారంలో కలిసిపోతుంది. విన్నవాడికి తేడా దొరకదు. చిన్నప్పటినుంచీ ఈ మాట చెవితోనే నేర్చుకున్న పిల్లవాడు ఏది విన్నట్టు? భూతకాలం అనగానే చివర డకారం ఉండాలని అనిపిస్తుంది, కాబట్టి లెయిడ్ అనే అనుకుంటాడు. పుస్తకం చూసి నేర్చుకున్న మనకు ఈ బాధ తక్కువ ఉండాలి. కానీ మనం కూడా సినిమాలు, సిరీస్‌లు చూసి చెవితో నేర్చుకోవడం మొదలుపెట్టాక వాళ్ల తప్పులు కూడా మనకు దిగుమతి అవుతున్నాయి.

ఇంకో కారణం కూడా ఉంది, ఇది తెలుగువాళ్లకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. మనం ‘కాసేపు నడుం వాల్చాను’ అంటాం. వాలడం తనంతట తాను, వాల్చడం ఇంకోదాన్ని. అయినా నడుం వాల్చాను అంటే పడుకున్నాను అనే అర్థం. నా నడుమునే కర్మగా చేసి సకర్మక క్రియ వాడాను. ఇంగ్లిష్‌లోనూ అచ్చం ఇలాగే ‘లే మి డౌన్’ అనేవారు, నన్ను నేను పడుకోబెట్టుకుంటున్నాను అని. పడుకునేముందు పిల్లల చేత చెప్పించే ఒక ప్రార్థన 18వ శతాబ్దం నుంచి ఈ మాటతోనే మొదలవుతోంది. అందులో తప్పేమీ లేదు, మధ్యలో ‘మి’ ఉంది కదా. ఆ ‘మి’ ఎగిరిపోతే మిగిలేది ‘లే డౌన్’. మనం ‘నడుం’ తీసేసి ఉత్త ‘వాల్చాను’ అంటే, ఏం వాల్చావు, మంచమా అని అడుగుతారు. ఇంగ్లిష్‌వాళ్లు అడగడం మానేశారు.

మానేసి కూడా చాలాకాలమైంది. లై అనాల్సిన చోట లే అనడం 14వ శతాబ్దం నాటికే ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లిష్ రచయిత ఫ్రాన్సిస్ బేకన్ వ్యాసాల్లో కనిపిస్తుంది. 1818లో ఇంగ్లిష్ కవి బైరన్ ప్రాస కలవడం కోసం ఒక పద్యంలో ఇలాగే వాడేశాడు. దీన్ని పెద్ద తప్పుగా ఎంచి బెత్తం పట్టుకున్నది 18వ శతాబ్దం చివరి భాగంలోని వ్యాకరణకర్తలు. అప్పటినుంచీ బడిలో కొడుతూనే ఉన్నారు, వీధిలో అంటూనే ఉన్నారు.

ఇక మన అవసరానికి వద్దాం. ఇంగ్లిష్‌లో ఆలోచించి రూపాలు బట్టీపట్టేకంటే, చెప్పాలనుకున్నదాన్ని ముందు తెలుగులో అనుకుని చూడటం మేలు. తెలుగులో వేయడం, పెట్టడం, పరచడం వచ్చిందా, లే. ఉండటం, పడి ఉండటం, పడుకోవడం వచ్చిందా, లై. రోడ్డు వేశారు, పట్టాలు వేశారు, పైపులైను వేశారు, టైల్స్ వేశారు, పునాది వేశారు, దుప్పటి పరిచారు, కోడి గుడ్డు పెట్టింది. అన్నీ లెయిడ్. లేఅవుట్ వేశారు అంటాం చూడండి, ఆ మాటలోనే లే ఉంది. రియల్ ఎస్టేట్ పుణ్యమా అని ఊరూరా తెలిసిన మాట. ఇటు చూస్తే, రాజమండ్రి గోదావరి ఒడ్డున ఉంది, తప్పు నీలోనే ఉంది, తాళాలు సోఫా మీద పడి ఉన్నాయి, రక్తపు మడుగులో పడి ఉన్నాడు. వీటన్నిటికీ లై. చివరిది క్రైమ్ వార్తలు రాసేవాళ్లకు కొట్టినపిండి. ఇంగ్లిష్ ఎఫ్‌ఐఆర్‌లో ‘లైయింగ్’ అని ఉండాలి. ‘లేయింగ్’ అని రాస్తే శవం ఏదో పరుస్తున్నట్టో, గుడ్లు పెడుతున్నట్టో అవుతుంది.

గుడ్ల మాట వచ్చింది కాబట్టి ఒక మినహాయింపు. తణుకు, అనపర్తి వైపు కోళ్ల ఫారాల్లో లేయర్, బ్రాయిలర్ అనే మాటలు పనిచేసే ప్రతి మనిషికీ తెలుసు. బ్రాయిలర్ మాంసానికి, లేయర్ గుడ్డుకు. లేయర్ అంటే లే చేసేది, అంటే పెట్టేది. ఫారం లెక్కల్లో ‘బర్డ్స్ ఆర్ లేయింగ్ వెల్’ అంటారు. ఇక్కడ ఏం పెడుతున్నాయో చెప్పలేదు, కర్మ లేదు. అయినా ఇది సరైన ఇంగ్లిషే. కోడి పెట్టేది గుడ్డేనని అందరికీ తెలుసు కాబట్టి మాటలో దాచేశారు. మనం ‘మా కోడి పెడుతోంది’ అనడం లేదా? అదే.

కోర్టులో లై ఇంకో వేషంలో కనిపిస్తుంది. ‘అప్పీల్ లైస్ టు ద హైకోర్ట్’ అంటారు వకీళ్లు. అప్పీలు అక్కడ పడుకుందని కాదు, హైకోర్టుకు అప్పీలు ఉంది, అంటే చేసుకునే హక్కు ఉంది అని. తెలుగులో ‘దీని మీద అప్పీలు ఉంటుందా?’ అని అడిగే క్లయింటు తెలియకుండానే సరైన అనువాదం చేస్తున్నాడు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్‌లో ఈ ప్రయోగమే ఉంది. రాజ్యాంగంలో రెండు క్రియలూ దొరుకుతాయి. 132వ అధికరణంలో సుప్రీంకోర్టుకు అప్పీలు ‘షల్ లై’. 112వ అధికరణంలో బడ్జెట్ పత్రాన్ని రాష్ట్రపతి ఉభయ సభల ముందు ‘లెయిడ్’ అయ్యేలా చూడాలి. రాష్ట్రాలకు సంబంధించిన 202వ అధికరణంలో గవర్నరు పని కూడా అదే. మొదటిది ఉండటం, రెండోది ఉంచడం. ‘సభ ముందు ఉంచారు’ అని అసెంబ్లీ వార్తలు రాసే తెలుగు విలేకరి కూడా సకర్మకమే వాడతాడు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు రాజ్యాంగం ఎలాగూ తిరగేస్తారు. ఇంగ్లిష్ పేపర్లో తప్పులు పట్టే ప్రశ్నకు కూడా ఈ రెండు అధికరణాలు పనికొస్తాయి.

ఈమధ్య మన ఇళ్లలో ఎక్కువగా వినిపిస్తున్న లే మాత్రం వేరు. లేఆఫ్. ‘మా అబ్బాయికి లేఆఫ్ అయింది’ అని ఇక్కడి అమ్మానాన్నలు పక్కింటివాళ్లకు చెప్పుకునేదాకా వచ్చింది. అమెరికా వాడుకలో అది ఉద్యోగం పోయినట్టే. మన పారిశ్రామిక చట్టాల భాషలో అలా కాదు. 2025లో కొత్త కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లేఆఫ్ అంటే బొగ్గో, కరెంటో, ముడిసరుకో లేక యజమాని తాత్కాలికంగా పని చూపించలేకపోవడం. కార్మికుడి పేరు మస్టరు రోల్‌లోనే ఉంటుంది. అర్హత ఉన్న కార్మికుడికి ఆ రోజులకు మూలవేతనం, డీఏ కలిపి అందులో సగం పరిహారం ఇవ్వాలని అందులో రాశారు. మనిషినే తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్. ఒకే మాట సముద్రం దాటేసరికి పక్కన పెట్టడం కాస్తా తీసేయడం అయింది. వ్యాకరణం మాత్రం రెండుచోట్లా ఒకటే. పని చేసింది కంపెనీ, పడింది ఉద్యోగి మీద. కాబట్టి ‘ఐ వాజ్ లెయిడ్ ఆఫ్’. రెజ్యూమెలోనో మెయిల్లోనో దీన్ని ‘లెయిన్ ఆఫ్’ అనో ‘లే ఆఫ్ అయ్యాను’ అన్నట్టు ‘ఐ లెయిడ్ ఆఫ్’ అనో రాయకండి. రెండోదానికి ఎవరినో మీరే తీసేశారనే అర్థం వస్తుంది.

జ్వరం మంచాన పడేసింది అంటాం. అది ‘లెయిడ్ హిమ్ లో’. పోలీసులు వెతుకుతుంటే ఎక్కడో నక్కి ఉంటే ‘లై లో’. అమెరికన్లు దీన్ని కూడా ‘లే లో’ అంటున్నారు. పరిస్థితి ఎలా ఉందో చూసుకోవడాన్ని బ్రిటన్‌లో ‘లై ఆఫ్ ద ల్యాండ్’ అంటే, అమెరికాలో ‘లే ఆఫ్ ద ల్యాండ్’ అంటారు. ఇలాంటిచోట్ల ఏది తప్పని వాదించడం టైం వేస్టు.

మరి ఎదుటివాళ్లు తప్పు మాట్లాడితే దిద్దాలా? అక్కర్లేదంటాను. ఏడువందల ఏళ్లుగా పుట్టింటివాళ్లే అంటున్న మాటను మనం దిద్దబోవడం ఎందుకు? యోగా క్లాసులో ‘లే డౌన్’ అంటే పడుకోండి, అంతే. కానీ రాతలో, అందులోనూ పరీక్షలో, కోర్టు కాగితంలో, కేస్ షీటులో, పరిశోధన పత్రంలో తేడా పాటించాల్సిందే. అక్కడ చదివేవాడు బెత్తం పట్టుకుని కూర్చున్న మనిషి. పాటించడం కష్టం కూడా కాదు, పడుకోవడం వేరు, పడుకోబెట్టడం వేరు అని మనకు పుట్టుకతోనే తెలుసు కాబట్టి.

ఎంత తెలిసినా కలం ఆగే చోటు ఒకటుంది, లెయిన్. ‘ఆ ఫైలు ఆర్నెల్లుగా బల్ల మీదే పడి ఉంది’ అనడానికి లెక్క ప్రకారం ‘హ్యాజ్ లెయిన్’ అనాలి. ఈ రూపం ఇంగ్లిష్‌వాళ్ల నోట కూడా అరుదుగా వస్తుంది. రాస్తే తప్పుగా కనిపిస్తుంది, రాయకపోతే తప్పవుతుంది. అలాంటప్పుడు వాక్యాన్ని కొంచెం తిప్పి ‘హ్యాజ్ బీన్ లైయింగ్’ అని రాసేయండి. అర్థం చెడదు, పరీక్షకుడికి ఎర్ర పెన్ను తీసే పని ఉండదు.